బోల్టు పట్టినంత మాత్రాన

తన పాత ట్విన్ షాక్ మోటార్‌సైకిలుకు (వెనక ఇరుపక్కలా ఒక్కో షాక్ అబ్జార్బర్ ఉండే రకం) తర్వాతి తరం మోడల్ నుంచి తీసిన అల్యూమినియం స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఫ్రేములోని పివట్ బోల్టు మీద పైకీ కిందికీ ఊగే చేయి, ఒకటి దొరికిందని ఈమధ్య ఒక స్నేహితుడు ఫోను చేశాడు. "పివట్ బోల్టు లావు ఒకటే, వెడల్పు కూడా ఇంచుమించు సరిపోతుంది. ఇక కూర్చున్నట్టే" అన్నాడు. పొడవెంత అని అడిగాను. "అది కొలవలేదు. కానీ చూస్తే నువ్వే అంటావు, ఎంత దిట్టంగా ఉందో!"

పాత బండ్లతో కుస్తీ పట్టేవాళ్ల దగ్గర ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. వేరే మోడల్ స్వింగ్ ఆర్మ్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది పివట్ పట్టిందా లేదా అనే. నా ఉద్దేశంలో అది చిట్టచివర అడగవలసిన ప్రశ్న. పివట్ దగ్గరి తేడాను లేత్ మీద సరిచేసుకోవచ్చు. బుష్ (పివట్‌లో అరుగుడును భరించే గొట్టం) మార్చవచ్చు, స్లీవ్ (బుష్ లోపల నడిచే గొట్టం) తిప్పించవచ్చు, షిమ్ములు (పలుచటి రేకు బిళ్లలు) వేయవచ్చు. ఆర్మ్ పొడవును, షాక్ అబ్జార్బర్ కూర్చునే చోటును, చైన్ నడిచే దారిని అంత తేలికగా మార్చలేం. బండి నడక ఆధారపడేది ఈ మూడింటి మీదే.

ఆర్మ్ మార్చడమే తప్పని నేను అనను. మార్చదలిస్తే అందమైన దాని కోసం వెతకవద్దంటాను. పాత ఆర్మ్‌కు కొలతల్లో అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చుకోవాలి, అది చూపులకు ఎంత సాదాగా ఉన్నా సరే.

పాతది నిజంగా చెడిందా?

వేగంలో వెనక చక్రం అటూ ఇటూ ఈదుతున్నట్టు అనిపిస్తే నింద వెంటనే ఆర్మ్ మీద పడుతుంది. "పాత ఇనప గొట్టం, మెలి తిరుగుతోంది" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. 1969లో హోండా సీబీ750, 1972లో 903 సీసీ కవాసాకి జెడ్1 వచ్చాక ఇంజిన్ల శక్తి ఛాసిస్‌లను దాటిపోయింది. సన్నటి ట్యూబు ఆర్మ్‌లు ఆ శక్తికి చాలవని అప్పటి రేసర్లకే తెలుసు. 1976లో మొదలైన అమెరికా సూపర్‌బైక్ పోటీల్లో ఈ బండ్లను నడిపినవాళ్లు ఆర్మ్‌కు అదనపు ట్యూబులు వెల్డ్ చేయించి బిగువు పెంచుకునేవారు.

అయితే ఆ రేసర్ల బండ్లకు బుష్‌లు కొత్తవి. మన బండ్లకు బుష్‌లు దశాబ్దాల నాటివి. ఆ కాలపు బండ్లలో చాలావాటికి పివట్‌లో సూది బేరింగులు ఉండవు. ప్లాస్టిక్ బుష్‌లో, కంచు బుష్‌లో ఉంటాయి. వాటికి గ్రీజు అందకపోతే అరిగిపోతాయి. రెండు బుష్‌ల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు, ఆర్మ్ పొడవు 500 అనుకుందాం. బుష్‌లో అర మిల్లీమీటరు వదులుంటే యాక్సిల్ దగ్గర చక్రం ఒక్కో పక్కకు మిల్లీమీటరుంబావు జరుగుతుంది. అంటే మలుపులో ఉండగా వెనక చక్రం తనంతట తానే దారి మార్చుకుంటుందన్నమాట. ఏ ఆర్మ్ మెలి తిరిగినా ఇంత చికాకు పెట్టదు.

పరీక్షకు పనిముట్లు కూడా అక్కర్లేదు. బండిని మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టి, వెనక టైరును రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా ఊపాలి. ఒక వేలు ఆర్మ్‌కూ ఫ్రేముకూ మధ్య సందులో ఆనించి ఉంచాలి. చక్రం కదిలి ఆర్మ్ కదలకపోతే చక్రం బేరింగులు పోయినట్టు. ఆర్మ్ కూడా కదిలి, వేలికి చిన్న 'టక్' తగిలితే పివట్ పోయినట్టు. ఈ పరీక్ష చేయకుండానే కొత్త ఆర్మ్ తెచ్చి, దాంతోపాటే కొత్త బేరింగులు వేయించి, "ఆర్మ్ మార్చగానే బండి ఎంత మారిపోయిందో" అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మారింది బేరింగుల వల్ల. పేరు మాత్రం ఆర్మ్‌కు.

పాత ఆర్మ్ లోపల తుప్పు పట్టి ఉన్నా, ప్రమాదంలో వంగి ఉన్నా, విడిభాగాలు దొరకడమే మానేసినా వేరే మోడల్‌ది వెతకడం తప్ప గతి లేదు. అలాంటి బండ్లున్నవాళ్ల అవసరం నిజమైనది. ఈ వ్యాసంలో నేను వాదిస్తున్నది వాళ్లతో కాదు.

నలభై మిల్లీమీటర్ల కథ

తర్వాతి తరాల ఆర్మ్‌లు సాధారణంగా పొడవు ఎక్కువ. పాతది 500, కొత్తది 540 అనుకుని లెక్క వేద్దాం. షాక్ అబ్జార్బర్ అడుగు భాగం పివట్ నుంచి 420 మిల్లీమీటర్ల దగ్గర ఆర్మ్‌కు తగులుతుంది. కొత్త ఆర్మ్ మీద కూడా అదే చోట కొక్కెం పెట్టించాం. షాక్‌లు పాతవే, స్ప్రింగులు పాతవే. ఏం మారింది?

తలుపును గొళ్లెం దగ్గర తోస్తే సులువుగా కదులుతుంది, బందు దగ్గరకు జరిగేకొద్దీ బరువెక్కుతుంది. ఇక్కడ చక్రం తోసే చేయి, స్ప్రింగు అడ్డుకునే చేయి. ఆర్మ్ పొడవు పెంచితే చక్రం గొళ్లెం వైపు జరిగింది. స్ప్రింగు ఉన్నచోటే ఉంది కాబట్టి చక్రానికి పని సులువైంది. అంటే సస్పెన్షన్ మెత్తబడింది. ఎంత మెత్తబడింది అన్న దగ్గరే చాలామంది పొరపడతారు. పొడవు ఎనిమిది శాతం పెరిగింది కాబట్టి ఎనిమిది శాతం మెత్తబడుతుంది అనుకుంటారు. కానీ ఇక్కడ నిష్పత్తిని రెండుసార్లు లెక్కలోకి తీసుకోవాలి. ఒకసారి బలానికి, ఒకసారి కదలికకు. షాక్ దూరాన్ని ఆర్మ్ పొడవుతో భాగిస్తే పాత నిష్పత్తి 0.84, దాని వర్గం 0.71. కొత్త నిష్పత్తి 0.78, దాని వర్గం 0.60. చక్రం దగ్గర స్ప్రింగు గట్టిదనం సుమారు 14 శాతం తగ్గింది. డ్యాంపింగ్, అంటే ఊపును అణిచే షాక్ పని, కూడా అంతే తగ్గుతుంది. షాక్‌లు నిటారుగా నిలబడ్డాయని అనుకుని వేసిన లెక్క ఇది. వాలుగా ఉన్నవాటికి అంకెలు కొంచెం మారతాయి, కథ మారదు.

నా వాదనకు గట్టి దెబ్బ కొట్టే మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. చైన్ సాగేకొద్దీ మనమే యాక్సిల్‌ను వెనక్కి జరుపుతూ పోతాం. అడ్జస్టర్ గాడిలో అది రెండు మూడు సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. చైన్ కొత్తగా ఉన్నప్పటి బండికీ, పాతబడ్డాక ఉన్న బండికీ తేడా ఎవరికి తెలిసింది? మరి నలభై మిల్లీమీటర్లకు ఇంత రాద్ధాంతమా?

వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) మటుకు చూస్తే నేను దీనికి తలూపుతాను. 1400 మిల్లీమీటర్ల వీల్‌బేస్ 1440 అయితే హ్యాండిల్ తిప్పడం కొద్దిగా బద్ధకిస్తుంది. సగం సగంగా ఉన్న బరువులో ఒకటిన్నర శాతం దాకా ముందు చక్రం మీదికి జరుగుతుంది. మామూలుగా తిరిగేవాళ్లలో ఎక్కువమంది దీన్ని పసిగట్టలేరు. కానీ అడ్జస్టర్ జరుగుడు నెమ్మదిగా, నెలల తరబడి సాగేది. బండి మారుతుంటే చేయీ దాంతోపాటు అలవాటు పడుతుంది. పైగా ఫ్యాక్టరీవాళ్లు స్ప్రింగు ఎంచుకున్నప్పుడు ఆ గాడి పొడవు వాళ్ల లెక్కలో ఉండే ఉంటుంది. గాడి మొత్తాన్ని వెనక్కి నెట్టడం వేరు సంగతి. స్ప్రింగు మెత్తబడినది మాత్రం మొదటి గతుకులోనే, వెనక ఇంకొకరు కూర్చుంటే గతుకు లేకుండానే తెలుస్తుంది.

దీనికి తోడు ఎత్తు. ఆర్మ్ పివట్ నుంచి పది డిగ్రీలు కిందికి వాలి ఉంటే, అదనపు నలభై మిల్లీమీటర్లు యాక్సిల్‌ను ఫ్రేము నుంచి సుమారు ఏడు మిల్లీమీటర్లు కిందికి తోస్తాయి, అంటే సీటు లేస్తుంది. మెత్తబడ్డ స్ప్రింగు దాన్ని మళ్లీ కూర్చోబెడుతుంది. ఆర్మ్‌తోపాటు 18 అంగుళాల చక్రం పోయి 17 అంగుళాలది వస్తే ఇంకో సెంటీమీటరు దాకా దిగిపోతుంది. వెనక దిగితే ముందు ఫోర్క్ వాలు పెరుగుతుంది, ఆర్మ్ బల్లపరుపుగా మారుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా బండి వెనక్కి చతికిలబడటం మొదలుపెడుతుంది. ఎందుకంటే చైన్ లాగుడుకు ఎదురు నిలబడి వెనక భాగాన్ని లేపి ఉంచేది ఆ వాలే. ఒక్క భాగం మార్చాం అనుకుంటాం, వెనక సగం బండిని మార్చేసి ఉంటాం.

షాక్ ఎక్కడ తగిలించాలి?

1973లో యమహా మోటోక్రాస్ బండ్లకు మోనోషాక్ (వెనక ఒకే షాక్) తెచ్చింది. 1981 నాటికి ఆ ఒక్క షాక్‌ను లింకేజ్‌తో, అంటే మధ్యలో మీటల జతతో, ఆర్మ్‌కు కలిపే హోండా ప్రో-లింక్, సుజుకి ఫుల్ ఫ్లోటర్ వచ్చేశాయి. ఆ తర్వాత వచ్చిన వేగం బండ్ల ఆర్మ్‌లకు ఇరుపక్కలా షాక్ తగిలించే చోటే లేదు. లింకేజ్ కోసం అడుగున ఒక కొక్కెం, అంతే. ఇలాంటి ఆర్మ్‌ను ట్విన్ షాక్ ఫ్రేముకు పెట్టాలంటే కొక్కేలు వెల్డ్ చేయించాలి.

నాకు అసలు భయం ఇక్కడే. 6061 రకం అల్యూమినియానికి గట్టిదనం వేడి చికిత్స వల్ల వస్తుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. మళ్లీ మొత్తం ఆర్మ్‌ను కొలిమిలో పెట్టి చికిత్స చేస్తే తప్ప తిరిగి రాదు. 7000 శ్రేణి మిశ్రమాల్లో కొన్ని వెల్డింగ్ తర్వాత మామూలు గది వేడిలోనే వారాల తరబడి నెమ్మదిగా బలం పుంజుకుంటాయి. చాలా ఫ్యాక్టరీలు వాటిని ఎంచుకున్నది అందుకే. మన చేతిలో ఉన్న పాత ఆర్మ్ ఏ రకమో దాని మీద రాసి ఉండదు. వెల్డర్ ఎంత నేర్పరి అయినా కంటికి కనిపించేది అతుకు నునుపే, దాని పక్కన మెత్తబడ్డ లోహం కాదు. ఇనుములోనైతే ఒక హద్దు లోపల ఎన్నిసార్లు ఒత్తిడి పడినా పగులు మొదలవదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిడైనా కోట్లసార్లు పడితే ఏదో ఒకనాడు పగులుతుంది. షాక్ కొక్కెం మీద పడేది సరిగ్గా అలాంటి ఒత్తిడే, ప్రతి గతుకుకూ ఒకటి.

దీనికి మంచి దారి ఒకటి ఉంది. 1990లలో పెద్ద కంపెనీలు పాత రూపు మీద మోజుతో ట్విన్ షాక్ బండ్లను మళ్లీ దించాయి. కవాసాకి జెఫైర్, జెడ్ఆర్‌ఎక్స్1100, హోండా సీబీ1000, యమహా ఎక్స్‌జేఆర్1200 అలాంటివే. వీటి ఆర్మ్‌లకు షాక్ కొక్కేలు ఫ్యాక్టరీలోనే వచ్చాయి. జెడ్1కు జెడ్ఆర్‌ఎక్స్ ఆర్మ్ పెట్టుకునేవాళ్లు అందుకే ఇంతమంది. నా స్నేహితుడికి చెప్పింది కూడా ఇదే. "అవి అందరి దగ్గరా ఉంటాయిలే" అన్నాడు. అందరి దగ్గరా ఉండటమే దాని గొప్పతనం కదా! ఎక్కడ రుద్దుకుంటుందో, ఏ స్పేసరు కావాలో ముందే చాలామంది తేల్చి పెట్టారు.

దిట్టతనం మీద నా అనుమానాలు

అల్యూమినియం ఇనుము కంటే తేలిక అన్నది అందరికీ తెలుసు. బరువులో మూడో వంతు. కానీ వంగకుండా నిలిచే గుణంలో కూడా అది ఇనుములో మూడో వంతే. కాబట్టి అదే కొలతల్లో చేస్తే తేలికైనంత మేరా మెత్తబడుతుంది కూడా. అల్యూమినియం ఆర్మ్‌లు అంత బొద్దుగా, పెట్టెల్లా ఉండటానికి కారణం ఇదే. లావు పెంచితే బిగువు చాలా వేగంగా పెరుగుతుంది. ఆ బొద్దుతనమే మన కళ్లకు బలంలా కనిపించి ఆకట్టుకుంటుంది.

బిగువైన ఆర్మ్ మంచిదే, ఒక మేరకు. పాత ఫ్రేము అంతా కలిసికట్టుగా కొద్దికొద్దిగా వంగేలా తయారైంది. అందులో ఒక్క ఆర్మ్‌ను రాయిలా మారిస్తే వంగే పని పక్కవాళ్ల మీద పడుతుంది. పివట్ పట్టుకున్న ఫ్రేము చెవుల మీదా, ఆ పైన స్టీరింగ్ తల మీదా. పివట్ దగ్గర ఫ్రేముకు వెంట్రుకవాసి పగుళ్లు వచ్చిన బండిని నేను చూశాను, ఆర్మ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆర్మ్ వల్లే పగిలిందని రుజువు చేయలేను, ఆ ఫ్రేము అంతకుముందు ఏమేం భరించిందో ఎవరికి తెలుసు. అయినా నా అనుమానం నాది.

ఇంకో సంగతి. బండి బాగా వాలినప్పుడు రోడ్డు మీది గతుకు చక్రాన్ని తోసే దిశ ఒకటి, షాక్ కదిలే దిశ ఇంకొకటి. ఆ సమయంలో సస్పెన్షన్ పనిలో కొంత ఫ్రేము, ఆర్మ్‌ల అడ్డపు వంపు చేస్తుంది. ఇప్పటి గ్రాండ్ ప్రీ ఇంజనీర్లు ఆర్మ్‌ను అడ్డంగా ఎంత వంగనివ్వాలో కావాలనే చూసి పెడతారు. వాళ్లు కోరి వదిలే వంపును మనం వేటాడి తీసేస్తున్నాం.

నేను చూసిన ఒక క్లిప్పు

చైన్ లైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందు స్ప్రాకెట్ పళ్ల మీద పొడవాటి తిన్నని బద్ద ఆనించి వెనక స్ప్రాకెట్ వైపు చూస్తే తెలిసిపోతుంది. వెడల్పు టైరు పెడితే చైన్ పక్కకు జరగాలి, అందుకు ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ (పళ్లు పక్కకు జరిగి ఉండేది) కావాలి. ఆర్మ్ మీది అడ్జస్టర్ గీతలను నమ్మి చక్రం తిన్నగా ఉందనుకోకూడదు. రెండు చక్రాల పక్కగా దారం లాగి చూసుకోవాలి.

బ్రేకు సంగతి వేరు. ఒక సభలో పార్కింగ్‌లో ఎంతో ముచ్చటగా తయారైన బండి చూశాను. వెనక పాత డ్రమ్ బ్రేకు అలాగే ఉంచారు. కొత్త ఆర్మ్ డిస్క్ బండిది కాబట్టి, డ్రమ్ పలకను తిరగకుండా ఆపే టార్క్ రాడ్‌కు దాని మీద చెవి లేదు. అందుకని రేకు క్లిప్పు ఒకటి ఆర్మ్ చుట్టూ బిగించి రాడ్‌ను దానికి కట్టారు. వంగి చూస్తే క్లిప్పు వెనక రంగు గీసుకుపోయి మెరుస్తున్న లోహం కనిపించింది, బొటనవేలి వెడల్పున. అంటే బ్రేకు వేసినప్పుడల్లా అది కొద్దికొద్దిగా ముందుకు జారుతోంది.

ఆ రాడ్ మీద పడే బలం ఎంతో లెక్కిద్దాం. వెనక టైరు దగ్గర 1000 న్యూటన్ల బ్రేకు బలం, చక్రం వ్యాసార్ధం 320 మిల్లీమీటర్లు, రాడ్ యాక్సిల్‌కు 100 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, రాడ్ మీద 3200 న్యూటన్లు. మూడు వందల కిలోలకు పైబడ్డ బరువును వేలాడదీసినంత. క్లిప్పు వదిలేస్తే డ్రమ్ పలక చక్రంతోపాటు గిర్రున తిరిగి, బ్రేకు రాడ్‌ను చుట్టుకుని, చక్రాన్ని అక్కడికక్కడే బిగదీస్తుంది. యజమానికి చూపించాను. "ఇన్నాళ్లూ ఏమీ కాలేదండీ" అన్నాడు. అదే పార్కింగ్‌లో పదిమంది ఆ ఆర్మ్‌కు ఫొటోలు తీసుకున్నారు.

స్లీవ్ సంగతి

పివట్ చివరి ప్రశ్న అన్నాను గానీ తేలిక ప్రశ్న అనలేదు. బుష్‌ల లోపల నడిచే స్లీవ్ పొడవు ఆర్మ్ గొట్టం పొడవు కంటే పిసరంత ఎక్కువ ఉండాలి. పివట్ బోల్టు బిగించినప్పుడు ఫ్రేము చెవులు స్లీవ్‌ను నొక్కి పట్టాలి, ఆర్మ్ దాని మీద స్వేచ్ఛగా తిరగాలి. స్లీవ్ పొట్టిదైతే చెవులు ఆర్మ్‌నే నొక్కేస్తాయి. అప్పుడు సస్పెన్షన్ బిగుసుకుపోతుంది. దాన్ని వదులు చేయడానికి బోల్టునే వదులుగా వదిలేసేవాళ్లూ ఉన్నారు.

ఒక పెద్దాయన లేత్ దగ్గర ఈ పని చేయించాను. స్లీవ్ అంచును ఒక్కో పొరా తీస్తూ, ప్రతిసారీ మిషన్ ఆపి, గుడ్డతో నూనె తుడిచి, వెర్నియర్ (సన్నటి కొలతల పరికరం) పెట్టి చూసేవాడు. ఇంత నెమ్మదెందుకని అడిగితే, "ఎక్కువుంటే ఇంకో గీటు తీస్తాను, తక్కువైతే అతకలేను కదండీ. కొత్త ముక్క పెట్టాలి" అన్నాడు. చివర్లో స్లీవ్‌ను గొట్టంలో దూర్చి, అంచు మీద గోరు అడ్డంగా లాగాడు. గోటికి తగిలీ తగలనట్టు ఒక మెట్టు. ఆ తర్వాతే వెర్నియర్ అంకె నాకు చూపించాడు, 0.2 మిల్లీమీటర్లు.

విప్పితే మళ్లీ పాతదే రావాలి

ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి, ఒక్క నట్టు మార్చినా అపచారమే అనేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు, పొత్తూ లేదు. బండి నడవడానికి చేసిన వస్తువు. కానీ వాళ్ల దగ్గర నుంచి ఒక నియమం అరువు తెచ్చుకున్నాను. ఫ్రేమును కోయను, దాని మీద వెల్డింగ్ చేయనివ్వను. కొత్త ఆర్మ్ ఎన్ని స్పేసర్లు, స్లీవ్‌లు అడిగినా పెడతాను. ఫ్రేము చెవిని అరగదీయమంటే మాత్రం ఆ ఆర్మ్ తిరిగి వెళ్లిపోవాలి. పాత ఆర్మ్‌కు నూనె రాసి దాచిపెట్టాలి. బీమా, రిజిస్ట్రేషన్ నియమాలు ఎక్కడికక్కడ వేరు, అవి ముందే కనుక్కోవడం మంచిది. తర్వాత కనుక్కోవలసి వచ్చే సందర్భం ప్రమాదమే అవుతుంది.

ఇవన్నీ దాటుకుని పెట్టుకున్నవాళ్లు కూడా ఒకటి మరిచిపోతారు. మాన్యువల్‌లో రాసిన చైన్ వదులు అంకె ఇక చెల్లదు. ముందు స్ప్రాకెట్ నడుమ, పివట్, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. కొత్త ఆర్మ్‌తో ఆ స్థితి ఎక్కడ వస్తుందో కొలిచి చూడాలి. షాక్‌లు విప్పేసి, చక్రం కింద చెక్క ముక్కలు పేరుస్తూ ఆర్మ్‌ను ఆ గీత దాకా లేపండి. అక్కడ చైన్ మరీ కర్రలా కాకుండా వేలితో నొక్కితే కొంచెం ఆడేటట్టు సర్దండి. యాక్సిల్ బిగించి, షాక్‌లు మళ్లీ తగిలించి, బండి స్టాండ్ మీద ఉండగా చైన్ ఎంత వదులుందో కొలవండి. మీ బండికి ఇకమీదట అదే అంకె. సీటు కింద రాసి అంటించుకోండి, లేకపోతే తర్వాత చేయి వేసే మెకానిక్ పాత మాన్యువల్ చూసి బిగించేస్తాడు.